జ్ఞాపకం లేని దరువు పెట్టె

మా తోటల కాలనీలో ఏడాదికి రెండే పండగలు. ఏప్రిల్‌లో నీళ్ళు వదిలే రోజు, అక్టోబరులో నీళ్ళు ఆపే రోజు. చలికి గొట్టాలు పగిలిపోతాయని మళ్ళీ ఏప్రిల్ దాకా కొళాయిలు కట్టేసి ఉంచుతారు. క్రిస్మస్, ఈస్టర్ ఊళ్ళో జనానికి. కొండవాలు మీద తలా ఒక తోటముక్క, తలా ఒక చెక్క గది ఉన్న మాకు మాత్రం, కొళాయి బుసకొట్టి, తుప్పు కక్కి, తేటనీళ్ళు వదిలిన రోజే సంవత్సరాది.

ఆ ఏప్రిల్‌లో కొళాయి ఇంకా తుప్పు కక్కుతుండగానే, పక్క తోట హ్రూబా గారు కంచె మీంచి తొంగిచూసింది.

"ఈ ఏడు కూడా ఉందా మీ ఫ్యాక్టరీ?"

"ఉందండీ. రెండు షిఫ్టులు పెడదామనుకుంటున్నాం," అన్నాను.

ఆవిడ మొహం మాడ్చుకుని లోపలికెళ్ళింది. నాకు ఆ పూటకి కడుపు నిండిపోయింది.

ఆవిడ ఫ్యాక్టరీ అన్నది మా సంగీతాన్ని. నాన్న నాకు వదిలిపోయిన చెక్క గదిలో వారానికి రెండు సాయంత్రాలు, మంగళవారం, శుక్రవారం, ముగ్గురం చేరేవాళ్ళం. నా ముందు దరువు పెట్టె ఉండేది. మా ఊరి డాన్సు హాలు మూసేసినప్పుడు సామానుతో పాటు పారేయబోతుంటే నేను ఎత్తుకొచ్చాను. గుండీలు నొక్కి దరువు కడితే అది తిరుగుతూనే ఉంటుంది. ఓల్డా టీవీలు బాగుచేసి పింఛను పుచ్చుకున్నవాడు. బిస్కెట్ల రేకు డబ్బాకి చిల్లులు పెట్టి, తిప్పే గుండీలు బిగించి, తనే ఒక వాద్యం చేసుకున్నాడు. అది గొంతు పట్టేసిన ఎద్దులా మొదలై, ఎక్కడో పిట్టలా తేలేది. మూడోది ష్టెపాంకా. ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసాని, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నన్ను పిన్నీ అనీ, ఓల్డాని బాబాయ్ అనీ పిలిచేది. మూరెడు పొడుగు కీబోర్డు ఆమెది. కంప్యూటర్ లేదు. కాగితం లేదు. పాడేవాళ్ళు లేరు. వినేవాళ్ళు అంతకన్నా లేరు.

దరువు పెట్టె లోపల ఒక బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. స్విచ్చి ఆపినా మనం కట్టిన దరువుని గుర్తుపెట్టుకునేది అదే. నేను తెచ్చేనాటికే అది చచ్చిపోయి ఉంది. ఆపితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

"పది నిమిషాల పని, క్వెతా. మార్చెయ్యనా?" అనేవాడు ఓల్డా మొదట్లో.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను."

అలా మాకో ఆనవాయితీ ఏర్పడింది. ఏ సాయంత్రానిది ఆ సాయంత్రమే. ఎంత బాగా కుదిరినా సరే, పొద్దు వాలాక ఆ రోజు ఎవరి వంతైతే వాళ్ళు వెళ్ళి స్విచ్చి ఆపేయాలి. ఆపి, నోరెత్తకుండా వైర్లు చుట్టేయాలి.

నాకు దాచడమంటే ఒళ్ళు మంట. ఇరవై ఏళ్ళు మా ఊరి స్టేషన్లో బళ్ళ రాకపోకలు మైకులో చెప్పింది నేనే. ఒక శీతాకాలం నన్ను గదిలో కూర్చోబెట్టి అంకెలు, ఊళ్ళ పేర్లు, ఆలస్యానికి చింతిస్తున్నాం అనే మాట, అన్నీ విడివిడిగా చెప్పించి దాచుకున్నారు. ఆ తర్వాత చేతిలో పూలగుత్తి పెట్టి ఇంటికి పంపారు. ఇప్పటికీ బ్ర్నో వెళ్ళే బండి మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని చెప్పేది నా గొంతే. దానికి జలుబు చెయ్యదు, వయసు రాదు. కూరగాయల సంచీ పట్టుకుని దాని కింద నిలబడి వినాల్సింది నేను.

అందుకని నా దరువుని ఎవరికీ దాచనివ్వను. నేనూ దాచను.

* * *

మే నెలలో క్వాపిల్ గారు వచ్చారు. ఆయన కాలనీకి అధ్యక్షుడు, కాలనీ బ్యాండుకి మాస్టారు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పుల్ల ఉండేది. ఆ రోజు టమాటా మొక్కకి కట్టే కర్ర. దాంతో నా తోటని ఆ మూల నుంచి ఈ మూలకి చూపించారు.

"క్వెతా గారూ, ఇదేంటి?"

"గడ్డి అండీ."

"అది?"

"చెర్రీ చెట్టు. దాని కింద పడక కుర్చీలు. కూర్చుంటారా?"

"నిబంధన మీకు తెలుసు. నేల కాలనీది, అందులో సగం సాగులో ఉండాలి. వచ్చే నెల కమిటీ చూడ్డానికొస్తుంది. సగం నేల పచ్చగా కనపడకపోతే ఈ తోట వేరేవాళ్ళకిచ్చేస్తాం. వరసలో ఎంతమంది కాచుక్కూచున్నారో మీకు చెప్పక్కర్లేదు."

"గడ్డి కూడా పచ్చగానే ఉందిగా."

"తినేది పచ్చగా ఉండాలి."

"అధ్యక్షా, ఇదంతా గడ్డి గురించేనా?"

ఆయన కర్రతో చెప్పు మీద మట్టి గీక్కున్నారు. "చూడండి, నేనూ సంగీతం మనిషినే. ఆ చప్పుడు మీకంత ముద్దయితే చెవుల్లో పెట్టుకుని వినండి. ఎవరొద్దన్నారు?"

"మీ బ్యాండు కూడా చెవుల్లో పెట్టుకుని వాయిస్తే, మేమూ అలాగే వాయిస్తాం."

ఆయన మెడ ఎర్రబడింది. గేటు తీసుకుని వెళ్ళిపోతూ, "మీ ఆయన మంచివాడు, పాపం," అన్నారు.

ఆ మాటకి నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆ సాయంత్రమే ష్టెపాంకా వాళ్ళ ఆసుపత్రి వంటావిడని అడిగి గుప్పెడు గుమ్మడి గింజలు తెచ్చింది. ఓల్డా గడ్డి తవ్వాడు, నేను గింజలు పెట్టాను. గుమ్మడి తీగకి సగం, పావు తెలీవు. జూన్‌లో కమిటీ వచ్చేసరికి బాట తప్ప అంతా ఆకులే. జులైకి చెర్రీ చెట్టెక్కింది. ఆ తర్వాత కంచె దాటి హ్రూబా గారి గులాబీల మీద చెయ్యేసింది. జూన్‌లో వచ్చిన కమిటీ వాళ్ళు ఆ ఆకుల మధ్య మోకాళ్ళ లోతున నిలబడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఇంత గుమ్మడి ఏం చేసుకుంటారు?" అని అడిగారు క్వాపిల్ గారు.

"పంచిపెడతాను," అన్నాను.

* * *

మా ఆయన లుబోర్ క్వాపిల్ గారి బ్యాండులో బారిటోన్ ఊదేవాడు. ఒళ్ళో పసిపిల్లలా పట్టుకోవాల్సిన పెద్ద ఇత్తడి బాకా అది. పగలు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసే ఉద్యోగం, సాయంత్రం బాకా. ముప్పై ఏళ్ళుగా అవే పోల్కాలు, గెంతుతూ ఆడే డాన్సు పాటలు. ఒక్కో పోల్కా కాగితం ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, మూలలు నలక్కుండా చూసుకునేవాడు. ఆ అక్టోబరు పండగకి ఒక పాత పోల్కా మధ్యలో అతనికి సోలో ఇచ్చారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి. నలుగురూ ఆగితే తనొక్కడే ఊదాలి. మీటర్లు చూసుకుంటూ కూడా దాన్నే ఈలవేసుకునేవాడు.

జూన్ చివర ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనం దగ్గర, కుడుములు పులుసులో అద్దుతూ అద్దుతూ ఆగాడు.

"ఈ ఏడాదికి ఆపెయ్యి, క్వెతా."

"ఏం ఆపాలి?"

"తెలీనట్టు మాట్లాడకు. బ్యాండులో నేను తలెత్తుకోలేకపోతున్నాను. మొన్న వరసలో నిలబడితే పక్కన ఊదే ఇర్జీ నా చెవిలో ఫ్రిజ్ మోగినట్టు మోగాడు. అందరూ నవ్వారు. మీ ఇంట్లో కరెంటు సంగీతమట కదా, బిల్లు ఎంతొస్తుంది అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? నేనూ నవ్వాను."

"నవ్వావా?"

"మరి ఏడవమంటావా? అది సంగీతమా, చెప్పు. మొదలు లేదు, చివర లేదు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఇది మాది అని చూపించడానికి ఉందా మీ దగ్గర?"

"చూపించడానికి వాయించట్లేదు."

"మరి దేనికి?"

"దేనికీ కాదు. సరదాకి. సరదాకి ఏదైనా చెయ్యడానికి నేను ఎవర్ని అడగాలి, లుబోర్? నిన్నా, క్వాపిల్‌నా, హ్రూబానా?"

"నా సోలో పోతుందే."

ఆ మాట చాలా చిన్నగా అన్నాడు. నాకు జాలేసింది. జాలేసింది కాబట్టే అక్కడ కూర్చోలేకపోయాను. ఇంకో కుడుము తినేలోపు సరేననేసేదాన్ని. మా ఫ్లాట్ గోడలు అట్టముక్కలు, పక్కింటాయన తుమ్మితే గోడ ఇవతల్నుంచి మేం ఆరోగ్యం కోరుకుంటాం. అక్కడ దరువు పెట్టెకి చోటు లేదు. తోటలో ఆపేస్తే ఎక్కడా లేనట్టే. రెండు పాత దుప్పట్లు, బీపీ మాత్రలు, పాలు కాచుకునే గిన్నె సంచీలో పడేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నాడు.

"తోటకి. నువ్వు సోలో బాగా సాధన చేసుకో. నా గొడవ నీకుండదు."

నీళ్ళు ఆపేదాకా ఇక అక్కడే ఉన్నాను.

* * *

ఆగస్టులో ఒక మంగళవారం వాన పట్టింది. రేకు కప్పు మీద చినుకులు ఎంత గట్టిగా పడుతున్నాయంటే, హ్రూబా గారికి మా చప్పుడేదో వాన చప్పుడేదో తెలిసి ఉండదు. ష్టెపాంకా రాత్రీ పగలూ పురుళ్ళు పోసి, నిద్రపోకుండా నేరుగా వచ్చేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కవలలు, పిన్నీ. రెండోది ఏడవడానికి చాలాసేపు పట్టింది," అంటూ కీబోర్డు ఒళ్ళో పెట్టుకుంది.

మా పెట్టెల్ని వైరుతో కలిపినప్పుడు ఒకటి నడిపించాలి, తక్కినవి దాని వెనకాల నడవాలి. ఆ రోజు ఓల్డా వానకి తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుంటూ వైరు పెట్టాల్సిన చోట కాక పక్క చోట పెట్టాడు. దాంతో నా పెట్టె, అతని డబ్బా, రెండూ నేనే నడిపిస్తానని బయల్దేరాయి. రెండు దరువులు. ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక. మెల్లిగా దూరం జరిగాయి, అడ్డదిడ్డంగా గొడవపడ్డాయి, చూస్తూండగానే చుట్టూ తిరిగొచ్చి ఒకచోట కలిశాయి. మళ్ళీ విడిపోయాయి.

"తప్పు పెట్టాను, ఉండు, మారుస్తా," అన్నాడు ఓల్డా.

"ముట్టుకోకు!" అన్నాం ఇద్దరం.

ష్టెపాంకా మూడే మూడు స్వరాలు పట్టుకుంది. రెండు దరువులూ విడిపోతున్నప్పుడు నొక్కకుండా ఆగేది. కలిసే చోటు దగ్గరపడుతుంటే ఒక్కొక్కటిగా వదిలేది. వాన హెచ్చితే నేను దరువు తగ్గించాను, వాన తగ్గితే హెచ్చించాను. ఓల్డా డబ్బా కింద ఎక్కడో నేలలోంచి పలికింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ష్టెపాంకా కూడా ఏడుస్తోంది, కానీ ఆమె నిద్ర లేక ఏడుస్తోందేమో చెప్పలేను.

ఆ రోజు వంతు నాది. ఎంతసేపు వాయించామో తెలీదు, ఇక చాలనిపించింది. స్విచ్చి నొక్కాను. వాన మాత్రం మిగిలింది.

అప్పుడు తలుపు తీసుకుని లుబోర్ లోపలికొచ్చాడు. నిలువునా తడిసి ఉన్నాడు. చేతిలో నా బీపీ మాత్రల పొట్లం. చూరు కింద ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో, చెప్పుల్లో నీళ్ళు నిండాయి.

"మాత్రలు అయిపోయి ఉంటాయని," అన్నాడు. పొట్లం బల్ల మీద పెట్టాడు. కదల్లేదు. "ఇందాకటిది మళ్ళీ ఒకసారి వాయించండి."

మేం ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

"ఏది?" అన్నాను.

"అదే. రెండూ విడిపోయి కలిసేది. మొదట్నుంచి."

"లేదు. ఆపేశాంగా."

"ఆపేస్తే? మళ్ళీ పెట్టు."

"ఆపితే పోతుంది, లుబోర్. అది లేదు."

"పోవడమేంటి? రాసుకోలేదా? ఎక్కడా లేదా?" ఓల్డా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఆవిడ సంగతి తెలిసిందే. ఎక్కడో ఒకచోట ఉంటుందిగా?"

ఓల్డా తలడ్డంగా ఊపాడు. లుబోర్ దరువు పెట్టె దగ్గరకొచ్చి, దాని నెత్తి మీద తడిచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"పిచ్చి ముండా," అన్నాడు నన్ను. ముప్పై ఏళ్ళ కాపరంలో ఎప్పుడూ అనలేదు. "అంత మంచిదాన్ని చేతులారా పారేశావా? ఎవరైనా చేసే పనేనా?"

తలుపు వెయ్యకుండానే వానలోకి వెళ్ళిపోయాడు. నాకు కోపం రావాలి. రాలేదు. మంచిదాన్ని అన్నాడు, అదే చెవిలో తిరిగింది.

* * *

సెప్టెంబరులో గుమ్మళ్ళు పండాయి. క్వాపిల్ గారి దగ్గర్నుంచి రాయబారం కూడా వచ్చింది. నీళ్ళు ఆపే రోజు పొద్దున సర్వసభ్య సమావేశం, సాయంత్రం పండగ. పండగలో మేమూ ఒక పోల్కా వాయిస్తామని ఒప్పుకుంటే, మా గదికి కరెంటు తీసెయ్యమని వచ్చిన ఫిర్యాదుని సమావేశంలో పెట్టరట.

"ఒక్క పోల్కా, పిన్నీ. దానిదేముంది? నేను నేర్చేసుకుంటా," అంది ష్టెపాంకా.

"నేనూ అదే అంటున్నా," అన్నాడు ఓల్డా. "బిళ్ళ బ్యాటరీ వేసేస్తాను, దరువు దాచిపెట్టుకుందాం, వెళ్ళి నొక్కేసి వచ్చేద్దాం. గది దక్కుతుంది."

"పండగ అయ్యాక పెళ్ళికి పిలుస్తారు. పెళ్ళి అయ్యాక పుట్టినరోజుకి. అది వాయించు, ఇది వాయించు, మొన్నటిలాగే వాయించు. ఇంక మంగళవారాలు ఏం మిగుల్తాయి?"

"ఏమీ లేకపోవడం కంటే నయం కదే," అన్నాడు ఓల్డా.

"నాకు నయం కాదు. మీరు వెళ్ళండి కావాలంటే. దరువు పెట్టె నేనివ్వను."

ఆ శుక్రవారం వాళ్ళిద్దరూ రాలేదు. నేనొక్కదాన్నే కూర్చుని వాయించాను. ఒంటరిగా వాయిస్తే ఏడుపుగొట్టుగా ఉంది, అయినా మానలేదు. తర్వాతి మంగళవారం ఓల్డా గసగసాల రొట్టెలతో వచ్చి, ఏమీ జరగనట్టు డబ్బాకి వైరు తగిలించాడు. వెనకాలే ష్టెపాంకా.

"నువ్వు మొండిఘటానివి, పిన్నీ."

"తెలిసే వచ్చావుగా, కూర్చో."

* * *

సమావేశం కాలనీ హాల్లో. సాయంత్రం పండగ కాబట్టి బ్యాండు వాళ్ళు యూనిఫారాలు వేసుకుని, వాద్యాలు ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. లుబోర్ చివరి కుర్చీలో ఉన్నాడు. ఆగస్టు తర్వాత అతన్ని చూడ్డం అదే. చిక్కిపోయాడు. నేను తోపుడు బండి నిండా గుమ్మడికాయలు వేసుకుని వెళ్ళి హాలు గుమ్మంలో ఆపాను.

క్వాపిల్ గారి చేతిలో ఈసారి బ్యాండు నడిపించే పుల్ల.

"తోట సాగు విషయంలో క్వెతా గారిని తప్పుపట్టడానికి లేదు," అన్నారు, బండి వైపు చూడకుండా. "కానీ కరెంటు మనందరిది. దాంతో ఏం చెయ్యాలో మనందరం చెప్పొచ్చు. సంగీతమైతే ఎవరికీ అభ్యంతరం లేదు. క్వెతా గారూ, చిన్న పరీక్ష. మీ పెట్టె తెచ్చుకుని ఏదైనా ఒకటి వాయించండి. వెంటనే దాన్నే మళ్ళీ వాయించండి. రెండోసారి కూడా అదే వస్తే సంగీతం. రాకపోతే చప్పుడు. అదే వచ్చిందంటే నేను ఇక్కడే, ఇప్పుడే ఫిర్యాదు చింపేస్తాను."

హాలంతా నా వైపు తిరిగింది.

"రెండోసారి అదే రావాలంటే స్టేషన్‌కి వెళ్ళండి," అన్నాను. "అక్కడ నా గొంతు రోజంతా అదే చెబుతుంది. విని చప్పట్లు కొట్టండి. నేను మాత్రం వాయించను."

"వాయించరా, వాయించలేరా?"

"రెండూ."

"సరే. ఆ గదికి కరెంటు తీసెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తండి."

హ్రూబా గారి చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఒకటొకటిగా లేచాయి. బ్యాండు వరస మొత్తం లేచింది, చివరి కుర్చీ దగ్గర ఆగింది.

"లుబోర్?" అన్నారు క్వాపిల్ గారు.

"చేతుల్లో బారిటోన్ ఉందండీ," అన్నాడు లుబోర్.

"కింద పెట్టండి."

"బరువండీ. పడిపోతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. క్వాపిల్ గారు పుల్లని అరచేతిలో కొట్టుకుంటూ కాసేపు చూశారు. లుబోర్ బాకాని ఇంకాస్త దగ్గరికి పొదువుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. లేచిన చేతులు ఎలాగూ సరిపోయాయి.

నేను గుమ్మం దగ్గర నిలబడి, బయటికొచ్చేవాళ్ళకి తలా ఒక గుమ్మడికాయ ఇచ్చాను. చెయ్యెత్తినవాళ్ళకి పెద్దవి. హ్రూబా గారికి రెండు. ఆవిడ మొయ్యలేక, వద్దనలేక, రెండు చంకల్లో రెండు పెట్టుకుని వెళ్ళింది. మధ్యాహ్నానికి క్వాపిల్ గారే నిచ్చెనెక్కి నా గది ఫ్యూజు పీకేశారు. ఆ వెంటనే కాలనీ నీళ్ళు కూడా ఆపేశారు.

* * *

పొద్దు వాలుతుంటే ముగ్గురం గదిలో కూర్చున్నాం. శుక్రవారం కాదు, మంగళవారమూ కాదు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఓల్డా తన డబ్బాని తిరగేసి చూపించాడు.

"ఇది బ్యాటరీ మీద నడుస్తుంది. నీ దరువు పెట్టె కూడా నడుస్తుంది, వెనకాల అర చూశావా? లావు బ్యాటరీలు పట్టేది. డాన్సు హాలు వాళ్ళు ఎప్పుడూ తెరిచినట్టు లేరు."

"నా కీబోర్డుకీ ఉంది. స్పీకరుకి కూడా," అంది ష్టెపాంకా.

"నిబంధనల్లో బ్యాటరీల గురించి ఉందా?" అన్నాను.

"ఒక్క ముక్క లేదు."

"పదండి కొనుక్కొద్దాం."

"పండగ రోజు, పిన్నీ. షాపులన్నీ కట్టేసి ఉంటాయి."

కింద హాలు ముందు పండగ మొదలైంది. సాసేజీలు కాలుతున్న వాసన, వెనకాలే బ్యాండు. పోల్కా సగానికొచ్చింది, అందరూ ఆగారు, బారిటోన్ ఒక్కటే లేచింది. అది లుబోర్ ఊపిరి కాదు. ముప్పై ఏళ్ళు విన్నాను, నాకు తెలీదా? సోలో ఇంకెవరికో ఇచ్చేశారు.

అప్పుడే గేటు చప్పుడైంది. లుబోర్ యూనిఫారం మీదే ఉన్నాడు, టోపీ లేదు. చేతిలో ప్లాస్టిక్ సంచీ. తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. బ్యాటరీలు దొర్లి ఒళ్ళోకి కూడా పడ్డాయి.

"పెద్దవి కావాలో చిన్నవి కావాలో తెలీలేదు. అన్నీ తెచ్చాను."

"పండగ రోజు ఎక్కడ దొరికాయి?"

"స్టేషన్లో. అక్కడి కొట్టు కట్టరు." గడ్డం గోక్కున్నాడు. "నువ్వు పైనుంచి చెబుతూనే ఉన్నావు. బ్ర్నో బండి ఆలస్యమట."

ఓల్డా, ష్టెపాంకా తలలు వంచి బ్యాటరీలు వేయడంలో మునిగిపోయారు. లుబోర్ జేబులోంచి ఇంకొకటి తీశాడు. బిళ్ళ బ్యాటరీ.

"ఇది వేస్తే పోకుండా ఉంటుందటగా. ఆ మధ్య ఓల్డా చెప్పాడు."

"ఇది వద్దు, లుబోర్."

నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అవసరం పడలేదు. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "నా గడియారానికి వేసుకుంటా," అని జేబులో పెట్టేసుకున్నాడు. గుమ్మడికాయల పెట్టె తిరగేసి, దాని మీద కూర్చున్నాడు.

"బాకా తెచ్చావా?" అంది ష్టెపాంకా.

"కార్లో ఉంది. ఉండనీ. నేను వింటాను."

కింద పోల్కా జోరు మీదుంది. దాని నడకలో మేం పడకూడదని దరువు నెమ్మదిగా కట్టాను. చాలా నెమ్మదిగా. ఓల్డా వైరు ఈసారి సరైన చోటే పెట్టాడు. ఆగస్టుది రాలేదు, వస్తుందని మేం చూడనూ లేదు. ఇది వేరే. చలికి వేళ్ళు కొంకర్లు పోతూ ష్టెపాంకా తప్పు నొక్కింది, తప్పునే పట్టుకుని వదల్లేదు. లుబోర్ ముందు ప్లాస్టిక్ తొడుగులో కాగితం లేదు. కాసేపటికి అతని చెప్పు నేల మీద కదలడం మొదలైంది. మా దరువు మీద కాదు, కింది పోల్కా మీదా కాదు. మధ్యలో ఎక్కడో, తనకి తోచినట్టు.

మా ముగ్గురికీ ఒకేసారి చాలనిపించింది. ఓల్డా లేవబోయాడు, ఆ రోజు వంతు అతనిది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"లుబోర్, నువ్వు ఆపు."

అతను లేచొచ్చాడు. దరువు ఇంకా తిరుగుతూనే ఉంది. స్విచ్చి మీద వేలు పెట్టి నా మొహంలోకి చూశాడు.

"ఇది నొక్కితే మొత్తం పోతుందా?"

"మొత్తం."

"బాగుందే ఇది."

"బాగుంది."

వేలు అలాగే ఉంచి ఇంకో నాలుగు దరువులు విన్నాడు. తర్వాత నొక్కేశాడు. కింద ఎవరికోసమో చప్పట్లు మోగుతున్నాయి. ఓల్డా నోరెత్తకుండా వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. ఒక కొస లుబోర్ పట్టుకున్నాడు.

"మంగళవారం ఎన్నింటికి?" అన్నాడు.

నీళ్ళు ఆపాక కాలనీలో ఎవరూ ఉండరు. ఏప్రిల్ దాకా ఈ వాలు మీద మంచు తప్ప ఏమీ ఉండదు.

"ఆరింటికి," అన్నాను. "స్వెట్టర్ వేసుకుని రా."